భయమిస్తే ఫీజు తగ్గింపు

మొగుడు తాగుబోతైతే నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు, బేరగాడైతే ఎవరికి చెప్పుకోవాలన్నది హైమవతి గోడు. పాత ప్యాంటిచ్చి స్టీలు గిన్నె తీసుకుంటూ, జేబులోని ఇంటి తాళాలు కూడా ఇచ్చేసిన ఘనుడు శేషగిరి.

ఈసారి కూతురు లహరి పీజీ ఎంట్రన్స్ కోచింగ్ దగ్గర బేరం కుదిర్చాడు. పాఠాలు నేరుగా బుర్రకెక్కించే రోజులు కదా, బుర్రలోని పాత సరుకేదైనా ఇచ్చేస్తే కోచింగ్ వాళ్లు ఫీజు తగ్గిస్తున్నారు. పక్కింటివాళ్లు పిల్లాడి చిన్ననాటి పాటలిచ్చారు. శేషగిరి లహరిని ఒప్పించి, దాని భయాన్ని ఇప్పించేశాడు.

“పరీక్షంటే వణికే పిల్లకి భయమెందుకే? పీడా పోయింది!”

నిజమే, ఆ తర్వాత మాక్ టెస్టులన్నిట్లో లహరే ఫస్టు.

ఆ సాయంత్రం హైమవతి కాఫీ తెచ్చేసరికి, లహరి తొమ్మిదో అంతస్తు బాల్కనీ గోడమీద కాళ్లు బయటికి వేలాడేసి చదువుకుంటోంది.

“లోపలికి రా తల్లీ.” హైమవతి కాఫీ కింద పెట్టేసి చెయ్యి చాచింది.

“ఇక్కడ గాలి బావుందమ్మా. పడే అవకాశమెంతో లెక్కేశాలే, తక్కువే.” గాలికి ఎగిరిన కాగితం కోసం లహరి ముందుకు వంగింది.

శేషగిరి పరుగున వచ్చి నడుం పట్టుకుని లోపలికి లాగేశాడు. వణికే చేతులతోనే కోచింగ్ వాళ్లకి ఫోన్ చేశాడు.

“ఇచ్చిన సరుకు వాపసు ఉండదండీ,” అందొక తీయని గొంతు.

“ఎందుకు నాన్నా అలా వణుకుతున్నావు?” వింతగా అడిగి, లహరి మళ్లీ బాల్కనీ వైపు నడిచింది.

శేషగిరి తలుపుకి వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ మాట పైకే అన్నాడు:

“తప్పు చేశానే, హైమా.”