ఐదు చుక్కలు

"అదిగో, మళ్ళీ కాటా ఎక్కింది!" అన్నాడు ఫార్మసిస్టు. చేతిలోని మాత్రల డబ్బా బల్ల మీద దొర్లిపోయింది.

బిల్లులు కొట్టే అమ్మాయి తలెత్తి అద్దం తలుపు వైపు చూసింది. మందుల షాపు బయట, మెట్టు పక్కన, బరువు చూసుకునే కాటా ఖాళీగా ఉంది.

"ఎవరూ లేరన్నయ్యా. మీకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు, అంతే."

అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. రెండు నెలలుగా ఇదే వరస. శనివారం సాయంత్రం నాలుగయ్యేసరికి పసుపు రంగు గౌను వేసుకున్న పాప ఆ కాటా మీద నిలబడుతుంది. ముల్లు ఎక్కడ ఆగిందో వంగి చూసుకుంటుంది. అతను చూపు తిప్పి మళ్ళీ చూసేలోగా మాయమైపోతుంది. ఆ పాప చనిపోయి ఏడాదిన్నర అయింది. ఆ రోజు కూడా అదే గౌనుతో, తల్లి మందు కొనేదాకా అదే కాటా మీద ఆడుకుంది. ఐదు చుక్కలు వేయాల్సిన మందు సీసా మీద ఇతను ఐదు చెంచాలని రాసిచ్చాడు. తల్లి నమ్మి పోసింది.

తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. పడాల్సిన శిక్ష పడింది, అదీ అయిపోయింది. ఆ తర్వాత షాపులో కొత్త పద్ధతి పెట్టించింది కూడా అతనే. మందు ఇచ్చేవాళ్ళు మోతాదు గట్టిగా చెప్పాలి, పుచ్చుకునేవాళ్ళు దాన్ని తిరిగి చెప్పాలి. అయినా పసివాళ్ళ చీటీ వస్తే చాలు, గుండె ఝల్లుమంటుంది. ఇక తన వల్ల కాదు. ఉద్యోగం మానేస్తున్నానని రాసిన కాగితం పొద్దుటినుంచి జేబులోనే ఉంది. యజమాని రాగానే చేతిలో పెట్టి వెళ్ళిపోవడమే.

తలుపు తెరుచుకుంది. యజమాని కాదు, పాప తల్లి.

అతను బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. ఆవిడ తిన్నగా అతని ముందుకే వచ్చి చీటీ పెట్టింది.

"ఆ అమ్మాయి ఇస్తుందమ్మా."

"మీరే ఇవ్వండి."

చీటీ చూశాడు. అదే మందు. అదే మోతాదు. పాత చీటీ తెచ్చిందేమోనని తారీఖు చూశాడు. ఇవాళ్టిదే.

"ఎవరికమ్మా ఇది?"

"మా పాపకి."

అతను చీటీ కింద పెట్టేశాడు. అయ్యో, ఈవిడకి మతి చలించిందా? తనకు కనిపించినట్టే ఈవిడకీ కనిపిస్తోందా? బిడ్డతో ఆగలేదన్నమాట తను చేసిన పాపం, తల్లిని కూడా బతికుండగానే మింగేసింది.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. తిట్టండి, కొట్టండి. లేదా క్షమించానని ఒక్క మాట అనేసి వెళ్ళిపోండి. ఈ మందు మాత్రం నన్ను అడక్కండి."

"ఆ మాట చర్చిలో ఎన్నిసార్లు అన్నానో! మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి సీసా చూస్తే చాలు, ఒళ్ళు మండిపోతుంది. రాసింది మీరు, పోసింది నేను. ఇద్దరి మీదా మంటే. రెండు నెలలుగా ప్రతి శనివారం మీ మెట్టు దాకా వచ్చి, పక్క వీధిలో మందు కొనుక్కుని పోతున్నాను. ఒక్క మెట్టండీ, ఎక్కలేకపోయాను."

"ఎందుకమ్మా ఎక్కడం? మీకేం ఖర్మ?"

"ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడున్నాడు చూడండి. క్షమించాను పో అని పంపెయ్యలేదు ప్రభువు. మేపమని తన గొర్రెపిల్లల్నే అప్పజెప్పాడు. పొరుగువాణ్ణి ప్రేమించమన్నదీ ఆయనే. మిమ్మల్ని నమ్మకుండా ప్రేమించానంటే అదేం ప్రేమండీ? భయం నాకూ ఉంది. అయినా వచ్చాను."

అతను చీటీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

సీసా తీశాడు. మోతాదు రాశాడు. చీటీతో మూడుసార్లు సరిచూశాడు. చాలక, బిల్లుల అమ్మాయి చేత కూడా చదివించాడు.

"ఐదు చుక్కలు," అన్నాడు. "ఇప్పుడు మీరు తిరిగి చెప్పాలమ్మా."

"నేను కాదు, పాప చెబుతుంది. బయటే ఉంది."

అతను తలెత్తాడు. అద్దం అవతల, కాటా మీద, పసుపు రంగు గౌను. చూపు తిప్పి మళ్ళీ చూశాడు. ఈసారి మాయమవలేదు.

"మీకూ... మీకూ కనిపిస్తోందా?"

ఆవిడ వెనక్కి తిరిగింది. వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"చిన్నీ, అక్క గౌను కాళ్ళకు అడ్డం పడుతుంది, పైకి పట్టుకుని మెట్టెక్కి రా. ఎన్ని చుక్కలో మావయ్య చెబుతారు, నువ్వు తిరిగి చెప్పాలి."