ఎనుక ఉన్న ఎర్ర స్విచ్చు

"మేడం, రేపు కంప్యూటర్ రూం ప్రారంభంలో మెయిన్ స్విచ్చు సదానందం గారి చేత్తోనే వేయిద్దామండి. వైరింగంతా ఆయనదే కదా" అన్నడు భూషణం.

హెడ్‌మిస్ట్రెస్ బషీరున్నీసా సంబురపడ్డది. "నీది ఎంత పెద్ద మనసయ్యా."

నిచ్చెన మీద ట్యూబ్‌లైటు బిగిస్తున్న సదానందానికి ఒళ్లు మండింది. పని తనది, పెద్ద మనసు ఆయనది.

కువైట్ లడాయి అయిపోయినంక రియాద్‌ల ఓ అమెరికా ఆఫీసు మూసేసుకొని పోతూ, మనోళ్ల పిల్లలు చదివే ఈ స్కూలుకు పది పాత కంప్యూటర్లు ఇచ్చిపోయింది. వాటికోసం ఇద్దరూ రెండు నెలల సంది సెలవులన్నీ మానుకొని ఊరికెనే వచ్చి పనిచేస్తున్నరు. గోడలు తొలిచి వైర్లు గుంజింది సదానందం. డబ్బాలు తుడిచి, పెట్టి, నడిపించేది కాకినాడ భూషణం. అందరి నోట్లె భూషణం పేరే. ఆయనకు కుర్చేసి సాసర్ల చాయ్ ఇస్తరు. సదానందానికి కాయితం గ్లాసుల, నిచ్చెన మీదికే.

చాయ్ సంగతి పోనీ. కమిటీ ఈ ఇద్దర్ల ఒక్కర్ని పర్మనెంటుగ పెట్టుకుంటదట. ఆ నౌకరికి ఫ్యామిలీ వీసా ఉన్నది. సదానందం బిడ్డ శ్రీలతకు ఆరేండ్లు. పోయినసారి లీవుకు పోతే తల్లి కొంగు ఎనుక దాక్కొని "ఎవలమ్మా ఈయన?" అని అడిగింది. ఆ మాట ఇంకా చెవులల్లనే ఉన్నది.

నిచ్చెన దిగి అడిగిండు. "సారూ, ఈ రూముకు ఏసీల కోసం ఏసిన లైను ఒక్కటే ఉన్నది. రెండొందల ఇరవై వోల్టులు గుంజిన. మీ డబ్బాలు అమెరికావి, నూటపదివి. చూసుకున్నరా?"

"వెనకాల చిన్న ఎర్ర స్విచ్చుంటుందండి. ఇటు తోస్తే నూటపది, అటు తోస్తే రెండొందల ఇరవై. మీ కరెంటుకి సరిపడా పెట్టాను. దాని దిగులు మీకెందుకు?"

"అదే నూటపది మీద ఉంటే?"

"టప్పుమని పేలి పొగొస్తుంది. అంతే" అని నవ్విండు భూషణం. మల్ల వాచ్‌మన్ దిక్కు తిరిగి, "ఖాసిం, ఎందుకైనా మంచిది, గుమ్మం దగ్గర ఓ ఇసక బకెట్ పెట్టించు" అన్నడు.

సాయంత్రం భూషణం రూంల ఒక్కడే పది నిమిషాలు ఉండి, చేతులు దులుపుకుంట బయటికొచ్చిండు.

"ఏం చేస్తిరి సారూ, తలుపు పెట్టుకొని?" అని అడిగిండు సదానందం.

"ఆఖరి చెకింగండి" అని టాక్సీ ఎక్కిండు.

అంతల అసర్ అజాన్ అయింది. కడప ఖాసిం లేచిండు. "అన్నా, నమాజుకు పోయొస్తా. రవ్వంత తలుపుకాడ చూస్తా ఉండు."

సదానందం చూస్తా అన్నడు. ఖాసిం గేటు దాటంగనే లోపలికి పోయిండు.

పొద్దుగాలనే కరెంటు మీటరు పెట్టి, రెండొందల ఇరవై అని మేడంకు చూపెట్టి సంతకం తీసుకున్నడు. ఇగ డబ్బాలు పేలితే తప్పు డబ్బాలాయనదే. బల్లలు గోడకానుకొని ఉన్నయి. ఎనుకకు కన్ను పోదు, చెయ్యి పోతది. తడుముకుంట స్క్రూడ్రైవర్ మొనతోని ఎర్ర స్విచ్చును ఇవుతలి నుంచి అవుతలికి తోసిండు. టక్. రెండోది. టక్.

ఆరో బల్ల మీద ఎవరో పిల్ల చాక్‌పీసుతోని "ఇది నాది" అని రాసుకున్నది. చెయ్యి ఆగింది.

ఎవలమ్మా ఈయన?

మిగిలిన ఐదు గూడ తిప్పిండు.

శుక్రవారం జుమ్మా నమాజు కాంగనే రూం నిండ జనం. పిల్లలు కంప్యూటర్ల కాడికి ఎగబడుతున్నరు. ఎప్పుడు ఫోటో తీసినా ముందట నిలబడే భూషణం, ఆ రోజు గుమ్మం కాడ ఇసక బకెట్ పక్కన నిలబడ్డడు.

"ముందుకు రావయ్యా" అన్నది మేడం.

"ఇక్కడ గాలొస్తోందండి. ఈవాళ సదానందం గారి రోజు."

ఎంత నటన అనుకున్నడు సదానందం. మెయిన్ స్విచ్చు మీద చెయ్యి పెట్టిండు. లడాయిల సైరన్ మోగినప్పుడు గూడ గుండె ఇంత కొట్టుకోలే. ముందటి వరుసల శ్రీలత అంత పిల్ల ఒకతె, స్క్రీన్‌కు ముక్కు ఆనిచ్చి చూస్తున్నది.

"మేడం, పిల్లల్ని జర ఎనుకకు జరుపుండ్రి" అన్నడు.

"అవునండి, జరపండి" అన్నడు గుమ్మం కాడ నుంచే భూషణం.

పిల్లలు జరిగిండ్రు. సదానందం కండ్లు మూసుకొని స్విచ్చు ఏసిండు.

పేలలే. పొగ రాలే. బుయ్యిమని సప్పుడు, ఎనుకనే పిల్లల కేకలు, చప్పట్లు. కండ్లు తెరిస్తే పది స్క్రీన్ల మీద పచ్చటక్షరాలు.

సదానందానికి దిమాక్ పనిచెయ్యలే. పదికి పది తిప్పిండు. లెక్క తప్పలే.

మేడం కండ్లు తుడుసుకుంట, "నౌకరి కోసం మీరిద్దరు కొట్లాడుకుంటరని భయపడ్డ" అన్నది. "ఒకరి పని మీద ఒకరు ఇంత కన్నేసి పెట్టినోళ్లను ఎట్ల విడదీస్తం? రెండు వీసాలకు రాస్తమని కమిటీ ఒప్పుకున్నది."

భూషణం చప్పట్లు కొట్టలే. బకెట్ కాడ నుంచి మెల్లగొచ్చి, మొదటి కంప్యూటర్ ఎనుక చెయ్యి పెట్టి తడిమిండు. రెండోదాని ఎనుక తడిమిండు. మొఖం పాలిపోయింది. సదానందం పక్కనే ఉన్నడని గూడ చూసుకోకుంట గొణుక్కున్నడు.

"నిన్న అన్నీ నూటపదికి తిప్పేసి వెళ్లానే."