కుంటి మిషను

కమీషన్ గాడు చేసిన నిర్వాకమిది. సొంత బావమరిది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే టైలరు ఆ పూట కత్తెర పుచ్చుకుని వాణ్ణి వీధి చివరిదాకా తరిమేవాడే. తుమ్మినా దగ్గినా కమీషన్ అడిగే రకమని వాడికా పేరు. టైలరు ఇల్లు అమ్మే బేరం కుదిర్చినవాడు కుదిర్చినట్టు ఊరుకోక, "వాషింగ్ మిషన్ కూడా మీకే వదిలేస్తార్లెండి" అని కొనేవాడి దగ్గర నోరు జారాడు.

"ఇప్పుడేమంటాడ్రా ఆయన?" ఫోన్లో అరిచాడు టైలరు.

"మిషన్ తిరుగుతుంటే కళ్లారా చూస్తాట్ట బావా. చూసి అక్కడికక్కడే అడ్వాన్సు ఇస్తాడు. నాలుగింటికి తీసుకొస్తున్నా."

గడియారం మూడూ పది చూపిస్తోంది. ఆరింటిలోగా ఆ అడ్వాన్సు తీసుకెళ్లి షాపు ఓనరు చేతిలో పెట్టకపోతే, ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్న షాపు కాస్తా పక్కనున్న సెల్‌ఫోన్ల వాడికి పోతుంది. వాడు డబ్బు పట్టుకుని కాచుక్కూర్చున్నాడు.

వెనక బాత్రూం పక్కన మిషను పూనకం వచ్చినట్టు ఊగుతోంది. నీళ్లు పిండే ఘట్టం వచ్చేసరికి దడదడలాడుతూ జానెడు ముందుకు నడిచొచ్చింది.

"మెకానిక్కేమన్నాడు?"

"రేపొస్తాట్ట" అంది భార్య.

"రేపొచ్చి ఎవణ్ణి ఉద్ధరిస్తాడు? ఆ ఫోన్ ఇలా పట్టుకో. వీడియో పెట్టు."

వీడియోలో నవ్వుమొహంవాడొకడు ముందు ప్లగ్గు తీయమన్నాడు. తీశాడు. బట్టలు ఒకే పక్కకి పోగుపడ్డాయేమో చూడమన్నాడు. దుప్పటి ఉండచుట్టుకుని ఉంది. విప్పి సర్ది మళ్లీ వేశాడు. మళ్లీ అదే దడదడ. కింద ఫిల్టరు తిప్పి తీయమన్నాడు. సగం బక్కెట్టు నీళ్లతోపాటు మూడు గుండీలు, ఒక సూది బయటపడ్డాయి.

"ఇంట్లోనూ మీ షాపేనా?"

"ముందు నీళ్లు తుడువు. తర్వాత ఎగతాళి చేద్దువుగాని."

మూడూ ముప్పై అయిదు. మిషను ఇంకో జానెడు నడిచింది. టైలరు చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఇంకా ఊగుతోందా? పైన అంచుదాకా నింపిన నీళ్ల గ్లాసు పెట్టి చూడండి" అన్నాడు నవ్వుమొహంవాడు.

పెట్టాడు. నీళ్లు కుడివైపుకే కారాయి. మళ్లీ నింపితే మళ్లీ కుడివైపుకే. అయితే రోగం కాళ్లలో ఉందన్నమాట. టైలరు నేలమీద బోర్లా పడుకుని కుడివైపు కాళ్లు తడిమాడు. రెండు కాళ్లూ మర చివరిదాకా విప్పే ఉన్నాయి, ఇంక పొడుగు సాగవు. వాటి కింద ఏదో మెత్తగా తగిలింది. పాత రబ్బరు చెప్పు కోసిన ముక్కలు.

"ఇవెవరు పెట్టారు?"

"నేనే. పోయిన నెల ఊగుతుంటే పెట్టాను. అప్పుడు ఒక్కో ముక్కతో సరిపోయింది."

"నీ తమ్ముడు ఇప్పించిన మిషనేగా! వాడి మాటలాగే దీనికీ నిలకడ లేదు. ఆ రెండో చెప్పు కూడా పట్రా."

చెప్పు కోశాడు. భార్య పళ్లు బిగించి మిషను కాస్త ఎత్తింది. ఒక్కో కాలి కింద ఇంకో ముక్క దూర్చి, మిషన్ని గోడ దగ్గరికి నెట్టాడు. గ్లాసు నింపి పెట్టాడు. నీళ్లు నాలుగు వైపులా అంచుకి సమంగా నిలబడ్డాయి. మీట తిప్పాడు.

మూడూ యాభై ఎనిమిది. మిషను జోరందుకుంది. ఆ జోరులో కూడా చుక్క తొణకలేదు.

అంతలో గుమ్మంలో కమీషన్ గొంతు. వెంట టైల్స్ మేస్త్రీ. ఇల్లు కొనేది ఆయనే. చంకలో జిప్పు సంచి.

"రండి మేస్త్రీ గారూ, చూస్కోండి. ఫ్యానుకైనా చప్పుడుంటుంది గానీ, మా బావ మిషన్‌కి ఉండదు!"

మేస్త్రీ మిషను మీద అరచెయ్యి పెట్టాడు. గ్లాసులోకి వంగి చూశాడు. "ఎవరు చేశారు?"

"నేనేనండీ" అన్నాడు టైలరు. "చదువు లేకపోయినా చేతిలో పనుంది."

"భేష్!"

మేస్త్రీ సంచి జిప్పు లాగాడు. నోట్ల కట్ట సగం బయటికొచ్చింది. టైలరు అప్పటికే చెయ్యి చాచాడు. కానీ మేస్త్రీ చూపు మిషను వెనక గోడమీద ఆగిపోయింది. తెల్ల టైల్స్ మధ్యలో, మిషను నెత్తికి కాస్త పైన, ఒక నీలం పట్టీ ఉంది. ఆయన చిటికెన వేలు తెచ్చి ఎడమ చివర మిషనుకీ పట్టీకీ మధ్య పెట్టాడు. సునాయాసంగా పట్టింది. కుడి చివర పెట్టాడు. గోరు కూడా దూరలేదు.

కట్ట సంచిలోకి తిరిగి వెళ్లింది.

"ఏమైందండీ?" చాచిన చెయ్యి వెనక్కి తీసుకోకుండానే అడిగాడు టైలరు. "మిషన్‌లో ఏమన్నా లోపమా?"

"మిషన్‌కేం? నాలుగు వేలకిస్తే ఇదొక్కటీ పట్టుకుపోతాను."

"ఇదొక్కటీనా! మరి ఇల్లు?"

"నేల వాలుందంటే నీళ్లు పోడానికనుకుంటాం టైలరు గారూ. కానీ గోడమీద పట్టీ వాలుగా ఎవడూ అంటించడు. నీళ్లగొట్టం పట్టి, మట్టం చూసి, గీత గీసుకుని అంటిస్తాం. నిన్న ఇల్లంతా తిరిగినా నాకే తెలీలేదు. అన్నీ కలిసి ఒకే వైపుకి ఒరిగితే ఎవడికి తెలుస్తుంది? మట్టంగా ఉన్న వస్తువు ఒక్కటన్నా పక్కనుండాలి."

ఆయన చెప్పులేసుకుని, ఎందుకైనా మంచిదన్నట్టు, భార్యాభర్తలిద్దర్నీ కాస్త ఎడమపక్కకి జరగమన్నాడు.

"ఇల్లు భూమిలోకి దిగబడుతోందండీ."

పోయిన బేరం నలభై ఒక్క లక్షా అరవై వేలు.