ఫ్రిజ్ మీద ఆకుపచ్చ కాగితం

వంటింటి నేల మీద వర్న్ లింక్విస్ట్ ఛాతీని నాలుగు నిమిషాలుగా నొక్కుతున్నాను. పక్కటెముక ఒకటి పటుక్కుమంది. గుండె మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఆయన భార్య హారియట్ చేతికర్ర పట్టుకుని గోడకు ఆనుకుని చూస్తోంది.

"ఆగు!" అంటూ ఫ్రిజ్ వైపు చూపించాడు అంబులెన్సులో నా జతగాడు.

ఫ్రిజ్ తలుపు మీద ఆకుపచ్చ కాగితం ఉంది. గుండె ఆగితే బతికించే ప్రయత్నం చేయొద్దని డాక్టరు సంతకంతో ఇచ్చే కాగితం అది. పైన పెద్ద అక్షరాల్లో లింక్విస్ట్ అని ఉంది. స్పోకేన్‌లో పదకొండేళ్లుగా అంబులెన్సు ఎక్కుతున్నాను, ఆ కాగితాన్ని ఏనాడూ కాదనలేదు.

చేతులు తీసేశాను.

చేతికర్ర నా భుజం మీద పడింది.

"ఎవడు ఆపమన్నాడ్రా నిన్ను? అది నా కాగితం! పేరంతా చదివి ఏడవండి!"

మళ్లీ నొక్కాను. షాక్ ఇచ్చాం. మళ్లీ నొక్కాను. రెండో షాక్‌కి వర్న్ మెడ దగ్గర నాడి నా వేలికి తగిలింది.

హారియట్ కర్ర వదిలేసి కూలబడింది. మొగుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"సిగ్గులేదూ, ముసలోడా? డాక్టరు మూడు నెలలే గడువు చెప్పింది నాకు. లైన్లో నన్ను తోసుకుని ముందుకెళ్తావా?"