మరచెయ్యి అడిగిన కొసరు

కిసుము సంతలో చాలా దుకాణాల్లో మరచేతులే తూకాలు వేస్తున్న రోజులవి. ఎండుచేపలమ్మే అకోత్ కూడా ఒకటి అద్దెకు తెచ్చుకుంది. అది గ్రాము తేడా రానివ్వదు. వారం తిరిగేసరికి బేరాలు సగానికి పడిపోయాయి. ఇంట్లో పొయ్యి వెలగడమే గగనమైంది.

ఒకరోజు, ఎప్పుడూ వచ్చే రోడా తూకమయ్యాక కూడా సంచి మూయలేదు.

"ఏమ్మా, కొసరేదీ?"

అకోత్ నాలిక కరుచుకుంది. గుప్పెడు చేపలు సంచిలో పోసి, "చూసి నేర్చుకోవే!" అని మరచేతిని కసిరింది. అది నేర్చుకుంది. జనం మళ్లీ మూగారు.

నెల తిరిగాక కంపెనీ మనిషొచ్చి దానికి కొత్త బ్యాటరీ బిగించాడు. మరచెయ్యి అతని ముందు అరచెయ్యి చాపి కదలదు!

"ఇంకేం కావాలి దీనికి?"

"కొసరు బాబూ!" అంది అకోత్ పకపకా నవ్వుతూ.

అతను జేబులన్నీ తడుముకుని ఒక బుల్లి మరమేకు పెట్టాడు. అప్పుడుగానీ ఆ గుప్పిట మూసుకోలేదు.