పది ముద్దలు

“అక్కా, ఈ పొద్దుతో నీ చెర ఇడిసినట్టే,” అన్నాడు గోపాలకృష్ణ, కూరగాయల సంచి వంటింటి గడప దగ్గర దించుతూ.

“చూద్దాంలేప్పా,” అంది మదార్బీ.

గోపాలకృష్ణ ఆ ఇంటి డ్రైవరు. పులివెందుల వైపువాడు. మదార్బీది రాయచోటి. ఇంటి పని, పిల్లాడి పని ఆమెవి. సౌదీలో, హుఫూఫ్‌లోని ఆ మూడంతస్తుల ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు ఆ ఇద్దరే.

ఆమె రెండేళ్ల కాంట్రాక్టు ముగిసి ఐదు నెలలైంది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. దేశం దాటాలంటే ఖురూజ్, అంటే ఎగ్జిట్ వీసా, కావాలి. అది యజమాని పెట్టిస్తేనే వస్తుంది. యజమాని మాట మేడమ్ మాట. ఆ మేడమ్ మాటేమో రెండున్నరేళ్ల ఫారిస్ నోట్లో ఇరుక్కుని ఉంది.

వాడు తల్లి చేత్తో అన్నం తినడు.

మేడమ్ చెడ్డదేమీ కాదు. ఆడపిల్లల బడిలో టీచరు. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరి, అబాయా విప్పీ విప్పకముందే పళ్లెం పట్టుకుని కొడుకు ముందు కూర్చుంటుంది. చెంచాతో పెడితే వాడు మూతి బిగిస్తాడు. చేత్తో పెడితే తల తిప్పేస్తాడు. బతిమాలుతుంది, బొమ్మలు చూపిస్తుంది, ఆఖరికి తనే కళ్లు తుడుచుకుంటుంది. అప్పుడు మదార్బీ పళ్లాన్నీ పిల్లాణ్ణీ వంటింట్లోకి తీసుకుపోతుంది. కాసేపటికి ఖాళీ పళ్లెం బయటికొస్తుంది.

“వాడు నా చేత్తో పది ముద్దలు తిన్న రోజున నీకు ఖురూజ్ పెట్టిస్తాను. అంతవరకూ నిన్నెలా పంపను? నా బిడ్డ ఆకలితో మాడిపోడూ?” అంటుంది మేడమ్.

మదార్బీ తలొంచుకుని వింటుంది.

పొద్దున ఆరున్నరకే బయటి గేటుకు తాళం పడుతుంది. కిటికీలవి మసక అద్దాలు. వెలుగొస్తుంది గానీ వీధి కనిపించదు. ఖర్జూర తోటల ఊరని పేరేగానీ, మదార్బీ చూసిన ఖర్జూరాలన్నీ డబ్బాల్లోవే. రాయచోటిలో ఉన్నది మొగుడు గౌస్ మొహిద్దీన్, మంచాన పడ్డ అత్త. ప్రతి శుక్రవారం ఫోనొస్తుంది.

“ఎప్పుడొస్తావు మే? అమ్మకు ఎత్తిపోసేవాళ్లు ల్యారు ఈడ.”

“పిల్లోడు తినల్యా,” అని చెప్తుంది మదార్బీ.

ఇలాంటి చోట పిచ్చెక్కకుండా బతకాలంటే ఏదో ఒక ఆసరా కావాలి. రాళ్లలోంచి బియ్యం ఏరినట్టు, రోజులోంచి చిన్న చిన్న సంతోషాలు ఏరుకోవడం ఆమె నేర్చుకుంది. అందరూ వెళ్లాక గిన్నె అడుగున మిగిలిన టీ మళ్లీ కాచుకుని తాగడం. మిద్దె మీద బట్టలారేస్తుంటే పక్కింటి కోడి కూత వినపడడం. నీళ్లు పోశాక ఫారిస్ తన తడి తల తెచ్చి ఆమె మెడ కింద దూర్చడం. నేల మీద పాకే పురుగును చూసి వాడు “మదా, చీమ!” అని కేక పెట్టడం. వాడికి అరబ్బీ కంటే తెలుగే ముందొచ్చింది, ఆ నేరం ఆమెదే. ఒక్కో సంతోషానికి ఒక్కో వేలు మడిచి అల్లాకు శుక్రియా చెప్పుకుంటుంది. కొన్ని రోజులు పది వేళ్లూ చాలవు.

నిన్న మేడమ్‌కు ఉపాయం చెప్పినవాడు గోపాలకృష్ణే. పొద్దున్నుంచి పిల్లాడికి పాలు తప్ప ఏమీ పెట్టకుండా ఉంచితే ఆకలే నోరు తెరిపిస్తుందన్నాడు. ఆకలి రుచెరగదు గదా! మేడమ్‌కు నచ్చింది. ఈరోజు బడికి వెళ్తూ మదార్బీ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

“వాడికేమీ పెట్టకు. వాడు తిన్నాడంటే సాయంత్రమే నీ ఖురూజ్.”

“ఆకలైతే ఎవురి చెయ్యయినా ఒకటేనక్కా,” అన్నాడు గోపాలకృష్ణ. “నిన్ను దమ్మాం ఎయిర్‌పోర్టులో దింపేది నేనే, చూస్తాండు. ఏందక్కా, ఏడుస్తాండావా?”

“ఉల్లిగడ్డలప్పా.”

ఉల్లిగడ్డలు ఇంకా సంచిలోనే ఉన్నాయి. గోపాలకృష్ణ నవ్వాడు.

“ఏడువక్కా, ఏడువు. సంతోషమొచ్చినా కండ్లనీళ్లు వస్తాయిలే,” అని గేటుకు తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

పదకొండింటికి ఫారిస్ “మదా, బువ్వ” అన్నాడు. పాలిచ్చింది. పన్నెండింటికి చున్నీ పట్టుకుని గుంజాడు. వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆట ఆడించింది. ఒంటిగంటకు నేల మీద పడి దొర్లి దొర్లి ఏడ్చాడు. ఎత్తుకుని హాలంతా తిప్పింది.

గోడ గడియారం వైపు చూసింది. ఒకటిన్నర. ఇంకొక్క అరగంట ఓర్చుకుంటే ఖురూజ్, పాస్‌పోర్టు, విమానం, రాయచోటి. ఇంత ఆకలి మీదున్న పిల్లాడు పది కాదు, ఇరవై ముద్దలైనా మింగేస్తాడు.

మదార్బీ వంటింటి తలుపు దగ్గరికేసి, ఫారిస్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మేడమ్ రావడానికి అరగంట ముందు గత ఐదు నెలలుగా రోజూ పెడుతున్నట్టే, వాడికి కడుపు నిండా పప్పన్నం పెట్టేసింది.