ఎనిమిదో పాట

తిరుపతిలో ఎక్కించుకున్న మనిషిని గంటంపావులో వేలూరులో దించిన డ్రైవరు ఈ చుట్టుపక్కల ధనంజయ ఒక్కడే. గడియారం చేత్తో పట్టుకుని నేనే లెక్కపెట్టాను.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు బస్టాండు ఎదుట నున్నటి గుండుతో ఒకాయన అతని కారెక్కాడు. సన్నటి మనిషి. మాట గుసగుసలా వస్తోంది.

"పదకొండుకు వేలూరు ఆసుపత్రిలో ఉండాలప్పా. దాటితే పేరు కొట్టేస్తారు. మళ్లా నెలకే."

"ఎవురికి బాగలేదు స్వామీ?"

"మా ఇంట్లోనే."

"గోవిందుడు సూసుకుంటాడులే. గుండు నిన్న కొట్టిచ్చినారా?"

"మూడు నెలలైంది."

"మూణ్ణెల్లకూ మొలవలేదా! ఆ బ్లేడు యాడ దొరుకుతాదో చెప్పండి స్వామీ, నాకూ కావాల."

తిరుపతిలో గుండు చూసి మొక్కు అనుకోనివాడెవడు? 

ధనంజయ పాటలు పెట్టాడు. 'మామిడిగాలి'. జడల జయరావు ఆఖరి ఆల్బమ్. వడమాలపేటలో పుట్టి, నడుం దాకా జడలు పెంచి, మన చిత్తూరు మాటతో జమైకా వాళ్ల రెగే పాడినవాడు. ఇదే చివరిది, ఇక స్టూడియో మెట్టు ఎక్కనని ఆయనే చెప్పేశాడు.

"రెగే అంటే ఏమనుకుంటిరి స్వామీ? అందురూ డ్రమ్ము మీద మొదటి దెబ్బ గట్టిగా కొడతారు. ఈయన దాన్ని వదిలేస్తాడు. మూడోదాని మీద పడతాడు. ఆ ఖాళీలోనే నేను గేరు మార్చేది."

నిజంగానే మార్చాడు.

"ఈ బేస్ గిటారు సూడండి. మా నాయన ఎద్దులబండి తోలినట్టుండాది. తొందరే లేదు."

"మనకుండాది కదప్పా తొందర" అన్నాడాయన.

గంటంపావు అన్నానా? చంద్రగిరి దాటడానికే అరగంట పట్టింది. గడియారం మాట మరిచిపోండి. నేనా కారులోనే లేను. నాకు మనవడి వరసైన ధనంజయ చెప్పింది చెబుతున్నాను.

పూతలపట్టు దాటేసరికి ఏడు పాటలు అయిపోయాయి.

"ఎనిమిదోది వద్దు. ఆపెయ్యప్పా."

"ఏంటికి?"

"ఆడ తప్పు పాడినాడు. చివర్లో గొంతు విరిగిపోయింది. ఆ పాట తీసేసి ఉండాల్సింది."

బ్రేకు పడింది. కారు మామిడితోట కంచె పక్కన ఆగింది.

"దిగు."

అంతసేపూ స్వామీ, మీరు అన్న నోరే అది.

"టైము లేదప్పా..."

"జయరావును తప్పన్నోడికి నా బండిలో చోటు లేదు. ఏడేండ్లుగా ఆయన పాటల్తోనే ఈ స్టీరింగు పట్టుకోనుండా. నువ్వెన్ని పాడినావు? నీకేం తెలుసు?"

ఆయన దిగాడు. తొమ్మిదీ నలభై. వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తాడు. లారీలు దుమ్ము రేపుకుంటూ పోయాయి. ఒక బస్సు ఆగినట్టే ఆగి వెళ్లిపోయింది. ఆయన కంచె రాయి పట్టుకుని దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

ధనంజయ తలుపు తెరిచాడు.

"ఎక్కు. పాట మాత్రం ఇనాల."

ఎక్కి కూర్చున్నాక ఆయన మెల్లగా అడిగాడు.

"ఊపిరి అందక విరిగింది గదప్పా అది. తప్పు కాదని ఎట్లంటావు?"

ధనంజయ గేరు మార్చి బండి వేగం పెంచాడు.

"మాయమ్మ గురవమ్మ పొయ్యేటప్పుడు నన్ను పిలిచింది. 'ధనా' అనింది. మిగతాది రాలేదు. సగం పేరే వచ్చింది. దాన్ని తప్పంటావా నువ్వు? ఈయన గొంతు ఆడ విరిగినప్పుడల్లా మాయమ్మ పిలిచినట్టుంటాది. ఆ ఒక్క తావు కోసరమే నేను ముందరి ఏడు పాటలూ ఇనేది."



రెండు మైళ్లు పోయాక వెనక సీట్లోంచి మాట వచ్చింది. "పెట్టప్పా."

ఎనిమిదో పాట మొదలైంది. చివరి చరణంలో గొంతు పైకి పోయింది, వణికింది, విరిగింది. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో వెనక సీటాయన కళ్లు మూసుకుని నవ్వాడు.

కాట్పాడి బ్రిడ్జి మీద బండ్లు కదల్లేదు. పదీ నలభై. పదీ యాభై.

"నడిచి పోతాలే" అన్నాడాయన.

"కూచో!" అని ధనంజయ బస్సుకూ ఆటోకూ నడుమ సందులో కారు దూర్చాడు. ఆటోవాడు అరవంలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పదకొండుకు రెండు నిమిషాలు ఉందనగా ఆసుపత్రి గేటు వచ్చింది.

"కోపం పెట్టుకోవద్దు స్వామీ" అన్నాడు ధనంజయ. "మీ ఇంట్లో వాళ్లకు బాగైతే ఆ ఎనిమిదోది ఇనిపియ్యండి."

"విన్నారప్పా" అని ఆయన గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

ఇరవై రోజులకు జడల జయరావు పోయిన వార్త ధనంజయ ఫోనుకు వచ్చింది. కింద ఆఖరి పాట రికార్డింగునాటి ఫొటో వేశారు. మందులకు జడలన్నీ రాలిపోయాయట. మైకు ముందు నున్నటి గుండుతో నిలబడి ఉన్నది వెనక సీటాయనే.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ ఖాళీలో ఆయన నవ్వాడన్నది. ధనంజయ రోడ్డు చూస్తున్నాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

"నవ్వుంటాడంటావా తాతా?" అని వాడు ఇప్పటికీ అడుగుతుంటాడు.

అందుకని నవ్వించాను.